వాసన గడిలో సున్నా

కాజాలక్క మొండిది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత జరిగినదానికి ఎవరూ నోరెళ్ళబెట్టనక్కర్లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం కాదు. ఎదుటివాళ్ళు మూడే కాళ్ళంటే మాత్రం, నాలుగోది వాళ్ళ చేత లెక్కపెట్టించేదాకా వదలని రకం.

అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ముప్పై ఏళ్ళు ఒకే కుట్టుదుకాణంలో, ఒకే కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతుంటే ఆ పేరు అరిగిపోయి ఇదే మిగిలింది. బొత్తం దూరే కన్నమే కదా అనుకుంటాం. గుడ్డకి గాటు పెట్టాలి, గాటు అంచున దళసరి దారం పరవాలి, దాన్ని కప్పుతూ పోగు పక్కన పోగు, ప్రతి పోగుకీ ఓ ముడి. బియ్యపు గింజంత తేడా వచ్చిందా, ఆరు నెలల్లో బొత్తం జారిపోతుంది, జనం కుట్టినవాళ్ళని తిట్టుకుంటారు.

పదేళ్ళ కిందట దుకాణం ఓనరు కాజాల మెషిన్ కొన్నాడు. “ఇంక నీకు విశ్రాంతి అక్కా. అంచులు మడిచి కుట్టుకుంటూ కూర్చో, చాలు” అన్నాడు. ఆవిడ ఒక పాత కోటు తీసుకుని ఓ పక్క మెషిన్ చేత కాజా వేయించింది, రెండో పక్క తాను కుట్టింది. రెంటికీ బొత్తాలు పెట్టి ఓనరు ముందు కూర్చుని తియ్యడం, పెట్టడం, తియ్యడం, పెట్టడం. అరవయ్యోసారికి మెషిన్ కాజా పోగులు వదిలేసింది. “విశ్రాంతి దానికివ్వండి, పాపం అలిసిపోయింది” అంది. అప్పటినుంచి చొక్కాలు మెషిన్‌కి, కోట్లు కాజాలక్కకి.

ఆవిడ భర్త అదే దుకాణంలో కటింగ్ మాస్టర్. కత్తెర తప్ప ఇంకేదీ గట్టిగా పట్టుకోని మెతక మనిషి. “ఇద్దరూ మొండివాళ్ళయితే ఇంట్లో అన్నం ఎవరు వండుతారు?” అని నవ్వేవాడు. నిజానికి వండేది ఆయనే.

ఇంక చెట్టు సంగతి. ఓసారి ఆసుపత్రి ఆవరణలో ఏవో కొమ్మలు నరికి గోడవతల పడేస్తే, కాజాలక్క వాటిల్లోంచి చేతికర్రంత పుల్ల ఒకటి ఏరుకొచ్చింది. పెరట్లో బీరతీగకి ఊతంగా పాతింది. బీరతీగ నెల తిరక్కుండా చచ్చింది, ఊతకర్ర చిగిర్చింది! ఏడాదిన్నరకి మనిషెత్తు పెరిగి, కొమ్మలు రెండుగా చీలి, చీలిన చోటినుంచి జానెడు పొడుగు తెల్లటి పూలు దిగాయి. ఉమ్మెత్త పువ్వే, కానీ తలకిందులుగా వేలాడే బూరలు. పగలంతా తడిగుడ్డల్లా వేలాడేవి. పొద్దు వాలేసరికి అంచులు బిగిసి విచ్చుకుని, వీధి చివరిదాకా వాసన. కుండీల అంగడివాడు దాని పేరు బ్రుగ్మాన్సియా అన్నాడు. అంత పేరు నోట్లో పట్టక ఆవిడ ‘బూరుమ్మెత్త’ అంది, వీధంతా అదే అంది.

చూసినవాళ్ళందరూ కొమ్మ అడిగారు. ఆవిడ ఇచ్చింది. “ఆకు, పువ్వు, కాయ, అన్నీ విషమే. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, పిల్లల్నీ పశువుల్నీ దగ్గరికి రానివ్వకండి” అని మరీ చెప్పి ఇచ్చింది. ఆ జాగ్రత్త ఆవిడకి ఊరికే రాలేదు. ఓరోజు పుప్పొడి అంటిన వేలితో కన్ను నలుపుకుంది. మర్నాటికి ఆ కంట్లో నల్లగుడ్డు రూపాయిబిళ్ళంత, రెండో కంట్లో ఆవగింజంత. సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపించాయట. ఓనరు హడలిపోయి, “ఉమ్మెత్తకాయ తిన్నావా ఏంటక్కా?” అన్నాడు. “తినలేదు, కంట్లో పెట్టుకున్నాను” అంది.

ఇన్ని పూలు పూస్తున్నా చెట్టు ఒక్క కాయ కాయలేదు. అది ఆవిడకి చెవిలో జోరీగ అయింది. పొద్దుటి పనీ సాయంత్రం పనీ మధ్య ఎదురింటి చెట్టు నుంచి పుప్పొడి తెచ్చి తన పువ్వు మధ్య కాడ మీద రాసేది. గుర్తుకి ఎర్రదారం కట్టేది. తొడిమ దగ్గర వేలికణుపంత పిందె కట్టినట్టే కట్టి, పదోరోజుకి రాలిపోయేది. మూడేళ్ళు! మూడేళ్ళలో ఎన్ని ఎర్రదారాలు నేలపాలయ్యాయో లెక్క లేదు.

ఆ గుట్టు విప్పింది లెక్చరర్ గారు. కాలేజీలో మొక్కల శాస్త్రం చెప్పి రిటైరైన పెద్దమనిషి, ఆ ప్రాంతపు తోటల సంఘానికి అధ్యక్షుడు. కోటుకి కాజాలు వేయించుకోడానికి దుకాణానికొచ్చి, ఆవిడ గోడు విని పకపకా నవ్వాడు.

“ఎదురింటి చెట్టు ఎక్కడిదమ్మా?”

“నేనిచ్చిన కొమ్మే సార్.”

“పక్కింటిది?”

“అదీ నాదే.”

“మరింకేం! ఒక చెట్టు కొమ్మలు వంద ఇళ్ళల్లో నాటినా అది ఒకటే చెట్టు. ఈ జాతికి తన పుప్పొడి తనకి పనికిరాదు. నువ్వు మూడేళ్ళూ దాన్ని అద్దంలో చూపించి పెళ్ళి చేస్తున్నావు. వేరే చెట్టు కావాలి, పుట్టుకే వేరైనది.”

ఆయన ఇలా వివరిస్తూ ఉండగానే బల్ల మీద ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో పంట్లాం మాడింది. కాలిన కంపుకి దుకాణంలో అందరూ దగ్గుతూ పరిగెత్తారు. దాని పక్కనే నిలబడ్డ లెక్చరర్ గారు మాత్రం పుప్పొడి గురించి చెప్పుకుంటూనే ఉన్నాడు. “చదువుకున్నవాళ్ళ ధ్యాసంటే అదీ!” అని కటింగ్ మాస్టర్ మెచ్చుకున్నాడు.

ఆ వారమే కాజాలక్క కుండీల అంగడికి వెళ్ళి గులాబీరంగు బూరుమ్మెత్త కొంది. రంగు చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు, ముక్కు పెడితే మంచినీళ్ళు. అంగడివాడు తేల్చి చెప్పాడు. “రంగున్నదానికి వాసనుండదమ్మా. తెల్లదానికి వాసన, దీనికి రంగు. రెండూ ఒకదాంట్లో కావాలంటే కుదరదు, ఏదో ఒకటి వదులుకోవాలి.”

ఆ మాటతో ఆవిడకి ఒళ్ళు మండింది. ఎవరు చూడు, వదులుకోమనేవాళ్ళే! ఏడో తరగతి తర్వాత బడి వదులుకోమన్నారు, మెషిన్ వచ్చాక కాజాలు వదులుకోమన్నారు. ఇప్పుడు పువ్వు దగ్గర కూడానా? “ఎందుకు వదులుకోవాలి?” అని అడిగింది. 

అప్పటినుంచి సాయంత్రాలు చూడాలి ఆవిణ్ణి. మర్నాడు విచ్చుకోబోయే గులాబీ మొగ్గని ఎంచుకుని, కాజా కత్తితో నిలువునా గాటు పెట్టి, పోగులు లాగే చిన్న పట్టకారుతో లోపలి పుప్పొడి కాడల్ని ఒక్కొక్కటే తుంచి పారేసేది, మధ్య కాడకి గోరు తగలకుండా. మర్నాటి సాయంత్రం తెల్లపువ్వు పుప్పొడి తెచ్చి ఆ కాడ కొసకి అద్దేది. పురుగులూ గాలీ పాడుచేయకుండా పల్చటి గుడ్డతో సంచి కుట్టి, పువ్వుకి తొడిగి దారం లాగేది. “మనుషులకి చొక్కాలు, పూలకి చెడ్డీలు” అని మాస్టర్ ఎగతాళి చేసేవాడు, కానీ ఆ సంచీలకి గుడ్డ కత్తిరించి ఇచ్చింది ఆయనే.

పదకొండు పూలకి చేస్తే ఒక్కటి నిలిచింది. పిందె పదోరోజు దాటింది, ఇరవయ్యోరోజూ దాటింది. ఐదు నెలలకి ఆ కాయ వేలెడు పొడుగై, పండి గోధుమరంగుకి తిరిగింది. ఇరవైమూడు గింజలు. పంతొమ్మిది మొలిచాయి. మిగతా కథ ఓపిక కథ, చెబితే వినడానికే విసుగు. రెండేళ్ళపాటు పంతొమ్మిది మొక్కలకి నీళ్ళు, పురుగు ఏరడం, పెద్ద కుండీలకి మార్చడం. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, పూసినవన్నీ నిరాశే. కొన్ని తెల్లగా పూశాయి, కొన్ని ఏ రంగో చెప్పలేని వెలిసిన రంగు. వాసనున్నదానికి రంగు లేదు, రంగున్నదానికి వాసన లేదు. అంగడివాడు ఎదురుపడితే నవ్వేవాడు.

ఏడో నంబరు కుండీ అన్నిటికన్నా ఆలస్యంగా పూసింది. నిఖార్సయిన గులాబీరంగు. పొద్దు వాలాక కాజాలక్క దాని కింద నిలబడి, ముక్కు మీద నమ్మకం లేక భర్తని కేకేసింది. ఆయన పప్పుగరిటెతో వచ్చాడు. తలెత్తి, కళ్ళు మూసుకుని, గరిటె పట్టుకున్న సంగతే మర్చిపోయాడు. “వచ్చిందే! వచ్చేసిందే!” అన్నాడు. ఆవిడ ఏడ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఆవిడ ఏడుపు చూడడం అది రెండోసారి.

అలా వచ్చిన పువ్వుని తోటల సంఘం వార్షిక ప్రదర్శనకి, ‘ఇంట్లో సృష్టించిన కొత్త రకాలు’ అనే బల్ల మీదకి పంపింది. దుకాణం తోపుడు బండి మీద, కుండీకి దుప్పటి చుట్టి, ఇద్దరూ చెరోపక్క పట్టుకుని తీసుకెళ్ళారు. ఆరు పూలు, ఒక్కటీ రాలలేదు. న్యాయనిర్ణేత లెక్చరర్ గారే. పొద్దున్న పదకొండింటికి పోటీదారుల్ని బయటికి పంపి, బల్లబల్లకీ వంగి, గుండెలనిండా గాలి పీల్చి, కళ్ళు అరమూసి, మార్కులు వేశాడు. తలుపు తీశాక కాజాలక్క తన కుండీకి కట్టిన కార్డు చూసుకుంది. రంగు ఇరవైకి పద్దెనిమిది. ఆకారం పదిహేడు. ఆకులు పదిహేను. వాసన, సున్నా. పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో ‘వాసన లేదు’.

ఆవిడ గుండె చివుక్కుమంది. బహుమతి మల్లెకుండీకి పోయింది, పోనీ. బహుమతి కోసం వచ్చినావిడ కాదు. ఆ పువ్వుని పుట్టించిందే వాసన కోసం. ఆ గడిలో సున్నా అంటే ఆరేళ్ళకీ సున్నా, మూడేళ్ళ ఎర్రదారాలకీ సున్నా. సంఘం పుస్తకంలో అది అలాగే ఎక్కుతుంది.

“సార్, ఇది సాయంత్రం పువ్వు. పగలు వాసనెలా వస్తుంది?” అని అడిగింది.

“నియమం అందరికీ ఒకటేనమ్మా. పదకొండింటికి ఏముంటే దానికే మార్కులు.”

“పదకొండింటికి చంద్రుడుండడు. లేడని రాసేస్తారా?”

“వాదించకమ్మా. ఐదింటికి హాలు మూసేస్తాం, కుండీ తీసుకెళ్ళిపో.”

“ఆరింటి దాకా తియ్యను” అంది కాజాలక్క. కుండీ పక్కన కుర్చీ వేసుకుని, సంచిలోంచి ఎవరిదో కోటు తీసి కాజా కుట్టడం మొదలెట్టింది.

నాలుగింటికి జనం పల్చబడ్డారు. నాలుగున్నరకి కుర్చీలు మడిచేశారు. బహుమతులొచ్చినవాళ్ళు కుండీలు ఎత్తుకుని పోయారు. హాల్లో మిగిలింది ఆవిడ, ఆవిడ పువ్వు, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ విప్పుకుంటూ కటింగ్ మాస్టర్, మూల నుంచి ఊడ్చుకొస్తున్న పనావిడ, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ లెక్చరర్ గారు. తాళం వేయాల్సింది ఆయనే, కాబట్టి వెళ్ళడానికి ఆయనకీ లేదు.

మాస్టర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “పెద్దాయన. పోనీలేవే.”

“పోనిస్తే పోతుంది. అందుకే పోనివ్వను.”

“ఇంతకీ మనకి తెలుసుగా వాసనుందని. చాలదూ?”

“మనకి తెలిస్తే పెరట్లోనే ఉంచుకుందును కదండీ. లేదని రాసింది ఆయన. ఉందని రాయాల్సిందీ ఆయనే.”

మాస్టర్ గోడకి ఆనించిన మడతకుర్చీ ఒకటి లాగి, విప్పి, భార్య పక్కనే కూర్చున్నాడు. మెతక మనిషి ఆ మాత్రం చేసేసరికి ఆవిడ సూది ఒక్క కుట్టు తప్పింది. విప్పి మళ్ళీ కుట్టింది.

ఐదున్నరకి లెక్చరర్ గారికి కోపం నషాళానికి అంటింది. “లైట్లు తీసేస్తాను!”

“తియ్యండి. పువ్వుకి లైటు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. కళ్ళు మూసుకుని కుడతాను కాజా.”

ఆయన నిజంగానే తీసేశాడు. కిటికీల్లోంచి వచ్చే ఆ కాస్త వెలుగులో సూది కదులుతూనే ఉంది. అంతలో పూల అంచులు మెల్లగా బిగిశాయి. వేలాడే బూరలు ఒకటి తర్వాత ఒకటి నోరు విప్పాయి. పనావిడ చీపురు ఆగింది.

“ఏంటమ్మా ఈ వాసన? ఎవరైనా అత్తరు ఒలకబోశారా?” అని నాలుగు పక్కలా చూసింది. వీధిలో పోతున్న ఇద్దరు గుమ్మంలో ఆగి లోపలికి తొంగిచూశారు. హాలు హాలంతా నిండిపోయింది.

కాజాలక్క సూది గుచ్చి కోటు పక్కన పెట్టింది. “రండి సార్. ఇప్పుడు రాయండి.”

లెక్చరర్ గారు లైటు వేసి వచ్చాడు. పువ్వు మీదకి వంగాడు. పొద్దున్నలాగే గుండెలనిండా పీల్చాడు, కళ్ళు అరమూశాడు. అందరూ ఆయన మొహం చూస్తున్నారు. మొహంలో ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు, ఈసారి దొంగతనం చేస్తున్నట్టు గబగబా. కాజాలక్కకి అప్పుడు గుర్తొచ్చింది, మాడిన పంట్లాం పక్కన దగ్గకుండా నిలబడ్డది ఈ మనిషే.

“సార్” అంది మెల్లగా. “ఎన్నాళ్ళయింది?”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. బుకాయిస్తాడనుకుంది ఆవిడ. బుకాయించలేదు.

“ఎనిమిదేళ్ళు. ఓ జ్వరం వచ్చి పోయింది, పోతూ పోతూ ఈ ముక్కుని పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని కూడా తీసేసుకుంటారు, ఇంక నాకేముంది?”

“మరి మల్లెకి పంతొమ్మిది ఎలా వేశారు?”

“మల్లె కాబట్టి.”

“నా పువ్వుకి సున్నా?”

“గులాబీరంగు వాటికి వాసనుండదని పుస్తకాల్లో ఉందమ్మా.”

“నా పువ్వు పుస్తకాల్లో లేదు సార్! ఇప్పుడే పుట్టింది!”

హాలు ప్రతిధ్వనించింది. మాస్టర్ భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముసలాయన్ని చూస్తే ఆవిడకి జాలి వేయకపోలేదు. ముక్కు పోయిన మనిషి పూల మధ్య ఎనిమిదేళ్ళు నటించాడంటే ఎంత నరకం! కానీ జాలి జాలే, సున్నా సున్నాయే. పోయింది ఆయన ముక్కు, కొట్టేసింది ఈవిడ పువ్వుని.

“బయట నేనెవరికీ చెప్పను. కానీ ఆ గడి దిద్దాల్సిందే.”

ఆయన జేబులోంచి పెన్ను తీసి, సున్నా కొట్టేసి, దాని పక్కన ‘ఇరవై’ అని రాయబోయాడు. కాజాలక్క కార్డు మీద అరచెయ్యి పెట్టింది.

“వద్దు. తెలియకుండా సున్నా వేశారు, ఇప్పుడు తెలియకుండా ఇరవై వేస్తారా? రెండూ ఒకటే. అది కూడా నాకొద్దు.” పనావిడ వైపు తిరిగింది. “ఇలా రావమ్మా. ఇరవైకి ఎన్నివ్వచ్చో నువ్వు చెప్పు. మొహమాటపడకు.”

“నేనా?” అని పనావిడ చీపురు గోడకి ఆనించి, చీరకి చేతులు తుడుచుకుంది. పువ్వు దగ్గరికెళ్ళి ఓసారి, రెండడుగులు వెనక్కొచ్చి ఓసారి, గుమ్మం దాకా వెళ్ళి ఇంకోసారి వాసన చూసింది. ముప్పై ఏళ్ళుగా అదే పని చేస్తున్నట్టు తాపీగా ఆలోచించింది.

“పదహారు” అంది.

కాజాలక్క కళ్ళు చిట్లించింది. “నాలుగెందుకు తగ్గించావు?”

“దూరం నుంచి బాగుందమ్మా, ప్రాణం లేచొస్తోంది. మరీ దగ్గరికెళ్తే తల దిమ్మెక్కుతోంది. ఉన్న మాట చెప్పమన్నారుగా?”

కాజాలక్క పగలబడి నవ్వింది, ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. “రాయండి సార్. పదహారు.”

లెక్చరర్ గారు రాశాడు. కింద సంతకం చేశాడు. సంఘం పుస్తకం తెరిచి అందులోనూ దిద్దాడు. మొత్తం మళ్ళీ కూడి, మల్లెకన్నా ఇంకా ఐదు తక్కువేనని నసిగాడు. “తక్కువైతే కానివ్వండి, అది నాది” అంది ఆవిడ.

దుప్పటి చుట్టి కుండీని బండి మీదకి ఎక్కిస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు, వెనకే పనావిడా వచ్చింది. తాళంచెవి చేతిలోనే ఉంది. పువ్వుని చూస్తూ, ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు.

“ఎలా ఉంటుందమ్మా అది? చెప్పవూ?”

కాజాలక్క దుప్పటి కొస ముడి వేసి, ముడి బిగుసుకుందో లేదో లాగి చూసుకుంది.

“చెప్తాను సార్. వచ్చే ఏడాది పోటీ సాయంత్రం ఆరింటికి పెట్టించండి. ఈవిణ్ణీ మీ పక్కన కూర్చోబెట్టుకోండి, వాసన మార్కులు వేయడానికి. అప్పుడొచ్చి, ఒక్కో పువ్వూ ఎలా ఉందో మీ చెవిలో చెప్తాను.”

మాస్టర్ బండి తోశాడు. పనావిడ గుమ్మంలో నిలబడి, “పదిహేడు వేయాల్సిందేమోనమ్మా!” అని వెనకనుంచి అరిచింది.

“వేసింది వేశావు, మార్చకు!” అని కాజాలక్క తిరిగి చూడకుండానే అరిచింది.